మొదటి పిలుపుకే

బోదకాలు పురుగు పగలు రక్తంలో దొరకదు, రాత్రే పైకి వస్తుంది. అందుకే 1956లో డాక్టర్ హిదాయతుల్లా గారు ఏలూరు నుంచి వచ్చి, కొల్లేటి లంకలో రాత్రంతా ఇల్లిల్లూ తిరిగి రక్తపు చుక్కలు తీసుకునేవారు. చీకట్లో పిలిస్తే మూడో పిలుపుకి గానీ లంకలో ఎవరూ పలకరు. మొదటి రెండూ దయ్యానివి కావచ్చు. ఆయన విసుక్కోకుండా ప్రతి గుమ్మంలోనూ మూడుసార్లు పిలిచేవారు.

ఓ రాత్రి చివరి ఇంట్లో మొదటి పిలుపుకే "ఆయ్" అని ఆడగొంతు వినిపించింది. కిటికీలోంచి చల్లటి చెయ్యి బయటికొచ్చింది. ఆయన వేలికొన మీద సూదితో పొడిచి చుక్క తీసుకున్నారు.

పడవలో లాంతరు వెలుగులో మైక్రోస్కోపు పెట్టి చూస్తే పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"చివరి ఇంటావిడకి మాత్రలు ఇవ్వాలండీ," అన్నారు.

పడవ నడిపే పెద్దింటయ్య తెడ్డు వదిలేశాడు. "ఆ ఇంటికి తాళమండీ, డాక్టరు గారూ. నాంచారమ్మ గారు పోయి ఏడాదైందండీ."

చుట్టూ కప్పల అరుపు ఆగిపోయింది. డాక్టరు గారు మళ్ళీ చూశారు. పురుగులు కదులుతూనే ఉన్నాయి.

"రోగం ఉంది కదండీ. మందివ్వకుండా ఎలా వెళ్తాం?"

మాత్రలు, లాంతరు తీసుకుని ఒక్కరే గట్టెక్కారు. తాళం వేసిన తలుపు ముందు నిలబడి, "నాంచారమ్మ గారూ" అని పిలిచారు.

ఒక్కసారే పిలిచారు.