ఆ అంతస్తు మాత్రం వద్దు

"రాణి అభిమానులకి రెండో అంతస్తు, బందిపోటు అభిమానులకి మూడోది. కలిపి పెట్టారో, తెల్లారేసరికి మీకు దిండ్లు మిగలవు," అన్నాడు అభిమాన సంఘం సెక్రటరీ.

హోటల్ మేనేజరు నవ్వుతూ రాసుకుంది. ఒకే నటి వేసిన రెండు పాత్రల కోసం తలలు నెరిసినవాళ్ళు కొట్టుకోవడం ఆమెకు వింతగా తోచింది. ఎవరి పిచ్చి వారికానందం అనుకుంది.

"సమ్మేళనానికి వచ్చే మేడమ్‌గారికి ఏ గది?"

"నాలుగో అంతస్తులో చివరిది. దిండు పల్చగా ఉండాలి. ఏసీ గాలి మొహానికి కొట్టకూడదు. కాఫీ పొగలు కక్కాలి. లేచాక ఆ కాఫీ తాగేదాకా ఎవరూ పలకరించకూడదు."

"ఇవన్నీ పత్రికల్లో వేశారా ఏంటి?"

"అభిమానిని కదండీ," అని అతను గొంతు తగ్గించాడు. "బాత్రూంలో లైటు వేసి, తలుపు ఓరగా తీసి ఉంచండి. చీకటంటే ఆవిడకి భయం."

మేనేజరు చేతిలో పెన్ను ఆగిపోయింది. తెర మీద శ్మశానంలో ఒంటరిగా గుర్రం దిగిన మనిషికి చీకటంటే భయమా? అలాంటి సంగతి ఏ పత్రికవాడికి తెలుస్తుంది?

"మీకెలా తెలుసు?"

అతను మాట మార్చాడు. "నాకు కింద జనరేటర్ పక్క గది ఇచ్చినా చాలు. ఆ అంతస్తు మాత్రం వద్దు. ఇవి నేను చెప్పానని ఆవిడకి తెలియనివ్వకండి. ఆహ్వానం కూడా మా అధ్యక్షుడి పేరు మీదే పంపించాం. నేనున్నానని తెలిస్తే వచ్చిన దారినే వెళ్ళిపోతుంది."

నటుల వెంటపడి వేధించే అభిమానుల గురించి మేనేజరు విని ఉంది. తన హోటల్లో ఆ మనిషికి ఏమైనా అయితే? భయంతోనే అడిగినవన్నీ అమర్చింది. సమ్మేళనం నాడు నాలుగో అంతస్తు మెట్ల దగ్గర కాపలా మనిషిని కూడా కూర్చోబెట్టింది.

నటి వచ్చింది. గది కలయజూసి, దిండు నొక్కి చూసింది. ఓరగా ఉన్న బాత్రూం తలుపు దగ్గర మాత్రం అలాగే నిలబడిపోయింది.

"ఇలా ఉంచమని ఎవరు చెప్పారమ్మా?"

మేనేజరుకి ఇక కడుపులో దాచుకోవడం చేతకాలేదు. మొదటినుంచీ జరిగిందంతా చెప్పేసింది. "నాకెందుకో అతని వాలకం నచ్చలేదు మేడమ్. బయటికి పంపించెయ్యమంటారా?"

"ఇప్పుడెక్కడున్నాడు?"

"కింద, జనరేటర్ పక్క గదిలో."

"ఆ మోతలో ఎలా పడుకుంటాడు? పైకి తీసుకురండి."

"ఈ అంతస్తులో ఒక్క గదీ ఖాళీ లేదండీ."

"ఇందులోనే ఉంటాడు."

నటి మంచం అంచున కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"నేను వదిలేసొచ్చిన మొగుడమ్మా అతను."