మచ్చలేని దరఖాస్తు

రామకోటేశ్వరరావు గారి నడవడికలో మచ్చ లేదని చెప్పడానికి పోలీసు నివేదిక మూడు పేజీలు ఖర్చు చేసింది.

విజయవాడలో క్లబ్బుల లైసెన్సు కమిటీ ఎదుట ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. కంకిపాడు రోడ్డులో పేకాట క్లబ్బు తెరవడానికి ఆయనకు అనుమతి కావాలి. అందుకు ముఖ్యమైన నిబంధన ఒకటుంది. జూదం కేసులో శిక్షపడిన వ్యక్తి క్లబ్బుకు యజమాని కాకూడదు. అందులో ఉద్యోగి కూడా కాకూడదు. జూదశాలను జూదరుల బారినుంచి కాపాడాలని ప్రభుత్వానికి అంత పట్టుదల.

"ఒక్క కేసు లేదు. కనీసం సాక్షిగానైనా ఎక్కడా మీ పేరు లేదు," అని కమిటీ అధ్యక్షురాలు శివపార్వతి మెచ్చుకున్నారు. "మీలాంటి వారే ఈ రంగంలోకి రావాలండీ."

ఆయన వినయంగా తల వంచారు.

ఆమె ఉద్యోగుల జాబితా తీశారు. గేటు కాపలాదారు పేరు దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకున్నారు.

"యేసుకుమార్ ఎవరు?"

చివరి వరుసలోంచి యాభై దాటిన మనిషి లేచాడు. ఇస్త్రీ చొక్కా, అరిగిపోయిన చెప్పులు.

"పద్నాలుగు కేసులా! అన్నింటిలోనూ నేరం ఒప్పుకున్నావు. నిజమేనా?"

"నిజమేనండి తప్పయిపోయిందండి ఈసారికి క్షమించండి," అన్నాడతను ఊపిరి తీసుకోకుండా.

"ఎంత చక్కగా అప్పజెబుతున్నావయ్యా! ఆఖరిసారి దొరికినప్పుడు నీ చేతిలో ఏ ముక్క ఉంది?"

అతను కాసేపు ఆలోచించాడు.

"ఎర్రదండి."

సభ్యులు పగలబడి నవ్వారు. ఒకాయన టీ ఒలకబోసుకున్నారు.

"మేడమ్ గారూ, ఈ కేసుల మూలంగానే కొండపల్లిలో బడి వాచ్‌మన్ పని పోయిందండి. ఇంకెక్కడా గేటు దాటనివ్వట్లేదండి. అయ్యగారు ఈ పని ఇప్పిస్తానని మాటిచ్చారండి. ఇదీ పోతే నేనూ, మా ఆవిడ హన్నా ఏం తిని బతకాలండి?"

"ఆ ఆలోచన పేక పట్టకముందు ఉండాలి. పద్నాలుగు సార్లకు రాని బుద్ధి పదిహేనోసారి వస్తుందా? నీలాంటి వాళ్ళ వల్లనే పెద్దమనుషుల క్లబ్బులకు చెడ్డపేరు!"

యేసుకుమార్ రామకోటేశ్వరరావు గారి వైపు చూశాడు. ఆయన ఫ్యాను వైపు చూశారు.

"ఇలాంటివాణ్ణి మీరెలా పెట్టుకున్నారండీ?"

"జాలిపడ్డానమ్మా. నిబంధన ఒప్పుకోనప్పుడు నేనెంతటివాణ్ణి?" అంటూ ఆయన తన పెన్ను తీసి, తన చేత్తోనే ఆ పేరు కొట్టేశారు.

ఆ చట్టభక్తికి కమిటీ ముచ్చటపడింది. అక్కడికక్కడే లైసెన్సు మీద సంతకాలు పడ్డాయి.

బయట మెట్ల మీద యేసుకుమార్ ఆయనకు అడ్డంపడ్డాడు.

"అయ్యగారూ, లోపల మీరొక్క మాట చెప్పుంటే..."

రామకోటేశ్వరరావు గారు లైసెన్సును జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, ఎంతో ఆప్యాయంగా అతని భుజం తట్టారు.

"దిగులెందుకురా పిచ్చోడా, లైసెన్సు వచ్చిందిగా, ఇక పోలీసులకు నేను దొరికినప్పుడల్లా నా బదులు నీ పేరు రాయించే శ్రమ నాకు తప్పింది, బోనెక్కి ఒప్పుకునే బాధ నీకు తప్పింది!"