ఒక్క శాతం ఆక్సిజన్

"మెషీన్‌కి బొట్టు పెట్టమని నీకెవరు చెప్పారయ్యా?"

హరిణి కేకకి ఫిల్మ్‌నగర్ ల్యాబ్ అద్దాలు అదిరాయి. కణాలు పెంచే పెట్టె తలుపు మీద పసుపు, కుంకుమ. పక్కన తెర మీద ఆక్సిజన్ ఇరవై శాతం. ఉండాల్సింది ఒక్కటంటే ఒక్క శాతం!

"నిన్న ఆయుధపూజ గద మేడం," అన్నాడు అటెండర్ లక్ష్మయ్య. "బయటనే పెట్టిన. తలుపు తెరవలే."

"అబద్ధం! హారతి చూపించడానికి తెరిచుంటావు. లోపలున్నవి మూలకణాలయ్యా! గాలి చాలక అవస్థ పడితేనే మెదడుని కాపాడే పదార్థాలు ఎక్కువ వదులుతాయి. నిండా గాలి తగిలిందా, సుఖం మరిగి చేతులు ముడుచుకు కూర్చుంటాయి. రేపు ఆ పదార్థాలున్న ద్రవాన్ని పరీక్షకి పంపాలి. నా రెండేళ్ల కష్టం గంగలో కలిపేశావు కదా!"

లక్ష్మయ్యకీ ఒళ్లు మండింది.

"పదకొండేండ్ల సంది చేస్తున్న. ఒక్క సీసా పగలగొట్టిన్నా? నా మీద గిట్ల నింద ఏస్తరా? గా నైట్రోజన్ సిలిండర్ జూడుండ్రి, ముల్లు సున్న మీదున్నది. పెట్టెల ఆక్సిజన్‌ని బయటికి తోసేది గదే గద?"

"తలుపు బార్లా తెరిస్తే ఖాళీ అవదూ మరి? సంచీ తీసుకో. బోరబండ బస్సెక్కి ఇంటికి పో!"

చేసిందంతా చేసి పైగా ఎదురు మాట్లాడతాడా? హరిణికి ఆవేశం ఆగలేదు. ల్యాబ్ యజమాని వీరరాఘవయ్యకి ఫోన్ కలిపింది. లక్ష్మయ్యకి కూడా వినపడాలని స్పీకర్ నొక్కింది.

"సార్, లక్ష్మయ్య నైట్రోజనంతా ఖాళీ చేసి నా కణాల్ని నాశనం చేశాడు. ఈ క్షణమే ఉద్యోగంలోంచి తీసెయ్యండి."

"లక్ష్మయ్యేంటమ్మా? మొన్న ఆ సిలిండర్ ఇచ్చింది నేను," అన్నాడాయన తాపీగా. "పక్క బంగళాలో పాట తీస్తూ పొగ చాల్లేదన్నారు, ద్రవ నైట్రోజన్ వదిలితే తెల్లగా పొగొస్తుందిగా. ఈ పేటలో ఉంటూ షూటింగ్ వాళ్లకి లేదంటామా? సాయంత్రానికి తెచ్చి బిగించేశారు కూడా."

లక్ష్మయ్య భుజాన వేసుకున్న సంచీ కింద పెట్టాడు.

"పొగకా! నా నైట్రోజన్నా?" హరిణి మొహం జేవురించింది. "బుద్ధుందా వాళ్లకి? సిలిండరంతా తగలేయమన్న ఆ తలకుమాసిన మనిషెవరు సార్?"

"అదేంటమ్మా... హీరో పక్కన ఫొటో దిగుతూ, 'ఇంకాస్త పొగ వదలండి, ఇంకాస్త!' అని అరిచింది నువ్వేగా!"