ముందు మాట, వెనక మాట

టీచరు సుద్దముక్క చేతిలోకి తీసుకుంది. రెండో చేత్తో బల్ల అంచును గట్టిగా పట్టుకుంది.

ఆఖరి బెంచీలో తనిఖీ అధికారి కూర్చున్నాడు. పక్కనే హెడ్‌మాస్టరు ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. ఈ పీరియడు గట్టెక్కితే ఆమె ఉద్యోగం ఖాయం. లేకపోతే ఈ నెలతో సరి.

"మీరు పదాలకు అర్థాలు బట్టీ పట్టించరట?" అన్నాడు అధికారి, చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టి.

"పట్టించనండీ. తెలియని మాట వస్తే దానికి ముందూ వెనకా ఏముందో చూడమంటాను. అర్థం వాళ్లే పట్టుకుంటారు."

"పట్టుకోనివ్వండి, చూద్దాం." పుస్తకం తిరగేసి, పిల్లలు ఇంకా చదవని పాఠం ఒకటి తీశాడు. "ఎవరు చదువుతారు?"

అయిదో తరగతి మొత్తం తలలు దించేసుకుంది. ఒక్క చెయ్యి మాత్రం లేచింది. రెండో వరుసలోని పిచ్చుక. సన్నటి గొంతు, ఆగని నోరు. అందుకే ఆ పేరు.

టీచరు సందేహిస్తూనే తలూపింది. పిచ్చుక తెలివైనదే. కానీ ఎప్పుడు ఏం కూస్తుందో దానికే తెలియదు.

పిచ్చుక తడబడకుండా చదివింది.

"గడియారాల మేస్త్రి చలికాలం మొదట్లో కాలం చేశాడు. దుకాణానికి వేసిన తాళం వేసినట్టే ఉంది. బాగుచేయమని గడియారాలిచ్చినవాళ్లు వచ్చి, తలుపు వంక చూసి వెళ్లిపోతున్నారు."

"అక్కడ ఆగు," అన్నాడు అధికారి. "కాలం చేశాడంటే?"



"గడియారానికి టైం పెట్టాడు సార్!" కిటికీ పక్కనున్న బొద్దుపిల్ల అరిచింది.

పిల్లలు గొల్లుమన్నారు. హెడ్‌మాస్టరు జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

"కాదే మొద్దూ!" పిచ్చుక మళ్లీ లేచింది. "కాలం చేయడమంటే ఎక్కడికో వెళ్లి, కొన్నాళ్లు అక్కడే ఉండిపోవడం సార్. అందుకే దుకాణం తియ్యలేదు. వచ్చాక తీస్తాడు."

అధికారి పకపకా నవ్వాడు.

"బాగుందమ్మా మీ పద్ధతి! అసలు అర్థం తప్ప అన్నీ దొరుకుతున్నాయి. ఇక మీరే బోర్డు మీద రాయండి, పిల్లలు ఎక్కించుకుంటారు."

టీచరు చెవులు వేడెక్కాయి. బోర్డు వైపు తిరిగి 'కాలం చేయడం అంటే' అని రాసింది. ఆ పైన చెయ్యి కదల్లేదు. పోరి పోరి ఒప్పించుకున్న పద్ధతి నలుగురిలో నవ్వులపాలైంది. ఉక్రోషం ఆపుకోలేక గిరుక్కున వెనక్కి తిరిగింది.

"అంత గట్టిగా ఎలా చెప్పావే? ఏ మాట చూసి చెప్పావు? ఈ పాఠంలో ఎక్కడుందో చూపించు!"

పిచ్చుక ఏమాత్రం జంకలేదు.

"పాఠంలో కాదు టీచర్, మొన్న మా తాతయ్య ఎవరితోనో ఫోన్లో 'మా అమ్మాయి ఆస్పత్రిలోనే కాలం చేసిందండీ' అన్నాడు, నాతోనేమో 'మీ అమ్మ అక్కడే ఉంది, కొన్నాళ్లాగి వచ్చేస్తుంది' అన్నాడు, మీరు చెప్పినట్టే రెండూ కలిపి చూసుకున్నా!"