కోతా లేదు, కుట్టూ లేదు

"కోతా లేదు, కుట్టూ లేదు. పడుకోబెట్టి శబ్దంతో కాలుస్తారు, అంతే," అన్నాడు కామాక్షయ్య.

ఓబులేసు నమ్మలేనట్టు చూశాడు. "శబ్దంతోనా బావా?"

"చెవికి వినపడని శబ్దంరా. అల్ట్రాసౌండ్. గడ్డ ఉన్నచోటే మాడిపోతాది. మిగతాదాన్ని ముట్టుకోరు."

ఓబులేసుకి ప్రోస్టేట్ క్యాన్సరని వారం క్రితమే తేలింది. తొలిదశే. అయినా మనిషి కుదేలైపోయాడు. మైపాడు రోడ్డు పక్కన తన రొయ్యల గుంట గట్టు మీద కూర్చుని, మేత వేయించడం కూడా మరిచిపోయాడు.

అదే జబ్బు ఆ ఎండాకాలంలో అక్క మొగుడు కామాక్షయ్యకి వచ్చింది. ఆయన భార్య రేవతిని కూడా తోడు రావద్దని చెప్పి, ఒక్కడే చెన్నై వెళ్ళాడు. మూడోరోజుకే ఇందుకూరుపేటలో బస్సు దిగి, నడుచుకుంటూ ఇల్లు చేరాడు. రొయ్యల వేపుడు అడిగి మరీ చేయించుకు తిన్నాడు. అప్పటినుంచి ఆ జబ్బు విషయంలో ఊరికంతా ఆయనే డాక్టరు.

"నొప్పి ఉంటుందా?"

"నాకేం తెలియలేదబ్బా."

"ఒంటేలు ఆగుతుందా?"

"ఎందుకాగదు? నన్ను చూడు."

ఓబులేసు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మరి... సంసారం సంగతి?"

"మీ అక్కనడుగు పో!"

ఓబులేసు సిగ్గుతో చచ్చిపోయాడు.

చెన్నై డాక్టరు మాత్రం బావంత ధీమాగా చెప్పలేదు. "ఇప్పటిదాకా ఫలితాలు బాగానే ఉన్నాయి. కానీ ఇవి తొలి ఫలితాలు. చాలా ఏళ్ళ తర్వాత ఎలా ఉంటుందో ఇప్పుడే తేల్చి చెప్పలేం. కొందరికి మళ్ళీ చేయాల్సి రావచ్చు. పరీక్షలు మానకూడదు," అన్నాడు.

ఓబులేసు బయటికొచ్చి బావకి ఫోన్ చేశాడు.

"డాక్టర్లు అట్నే చెప్తారు. ధైర్యంగా చేయించుకో. నేను లేనా?" అన్నాడు కామాక్షయ్య.

ఆ ఒక్క మాట చాలింది. ఓబులేసు చేయించుకున్నాడు. మూత్రానికి గొట్టం, దానికో సంచి తగిలించుకుని ఇంటికొచ్చాడు.

"నీకీ సంచి పెట్టలేదేంది బావా?"

"ఒక్కో వొళ్ళు ఒక్కో రకంరా."

ఆ తర్వాత కామాక్షయ్య ఏ పొద్దూ ఆ ఇంటికి రాకుండా ఉండలేదు. మంటగా ఉందా? రక్తం పడుతోందా? సంచి తీసినాక చీర కట్టిన ఆడదానిలా చిన్న అడుగులేస్తున్నావే, లాగుతోందా? అడిగిందే అడిగేవాడు. "నా తమ్ముణ్ణి నేనైనా ఇంత పట్టించుకోలా," అని రేవతి మురిసిపోయింది.

ఆరు నెలలకి మళ్ళీ పరీక్షలు చేశారు. స్కాన్‌లో ఏమీ కనపడలేదు. రక్తంలో ఈ జబ్బు జాడ చెప్పే పీఎస్ఏ కూడా బాగా దిగింది. ఓబులేసు బస్సు దిగి నేరుగా బావ ఇంటికే వచ్చాడు.

"ఏమన్నాడు డాక్టరు? మళ్ళీ చెప్పు," అన్నాడు కామాక్షయ్య.

"ఇప్పటికైతే బాగుందన్నాడు బావా. నువ్వు ముందు చేయించుకోబట్టే నాకు గుండె ధైర్యమొచ్చింది. లేకుంటే ఆ టేబుల్ ఎక్కేవాణ్ణే కాదు," అంటూ ఓబులేసు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

కామాక్షయ్య కళ్ళూ చెమర్చాయి.

ఓబులేసు వెళ్ళగానే ఆయన గదిలోకి పోయి, తలుపేసుకుని, చెన్నై ఆసుపత్రికి ఫోన్ చేసి, "సార్, ఎండాకాలంలో మీ టేబుల్ దాకా వచ్చి, భయమేసి దిగి పారిపోయినాను చూడండి, ఆ కామాక్షయ్యని... ఇప్పుడు చేయించుకుంటాను," అన్నాడు.