పదకొండు పేజీలు

నవల చివరి పదకొండు పేజీలు ఎలాగైనా నల్లప్ప కంట పడకూడదని సరస్వతమ్మ తీర్మానించుకుంది.

ఆమె పెనుకొండలో టీచరు. నల్లప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. పుస్తకం మాత్రం ఇద్దరిదీ కాదు, హిందూపురంలో మందుల షాపు నడిపే చెన్నకేశవులుది. ఎప్పుడో పరాయి దేశంలో జరిగిన యుద్ధం మీద వచ్చిన పేరున్న నవల. తెలుగులో రెండు లావుపాటి భాగాలు. చదివే పిచ్చి వల్ల స్నేహితులైన ఈ ముగ్గురూ దాన్ని బుక్‌పోస్టులో తిప్పుకుంటున్నారు. ముందు హిందూపురం, తర్వాత పెనుకొండ, ఆ తర్వాత ధర్మవరం. అట్ట లోపల చెన్నకేశవులు ఎర్ర ఇంకుతో రాసిపెట్టాడు: "పేజీలు మడవరాదు. తడి చేతులతో ముట్టరాదు."

మొదటి భాగాన్ని నల్లప్ప మగ్గం పక్కన కూర్చుని భార్యకు చదివి వినిపించాడు. రామలక్ష్మమ్మకు అక్షరం ముక్క రాదు. కథలో గుర్రాలను చూసుకునే పంతొమ్మిదేళ్ళ సిపాయి ఒకడున్నాడు. వాడంటే ఆమెకు ప్రాణమైపోయింది.

"గుర్రాల అబ్బి అచ్చం మా నాగరాజే అంటాండాది" అని నల్లప్ప కార్డు రాశాడు.

నాగరాజు వాళ్ళకు ఒక్కడే కొడుకు. మిలిటరీలో చేరి రెండేళ్ళయింది.

అది 1965. సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. ఆగస్టు నుంచి కొడుకు జాబు లేదని నల్లప్ప దిగులుగా రాశాడు. నెలాఖరుకు యుద్ధం ఆగింది. అప్పటికి సరస్వతమ్మ రెండో భాగం చదవడం ముగించింది. గుర్రాల అబ్బి చివర్లో చనిపోతాడు. ఊరికే చనిపోడు. పదకొండు పేజీల పాటు, తల్లిని పిలుస్తూ చనిపోతాడు.

ఆమె పుస్తకం పంపలేదు.

నల్లప్ప నుంచి కార్డు వచ్చింది. "రెండో భాగం ఎప్పుడు పంపుతారు?" నాలుగు రోజులకు ఇంకొకటి. వారం తిరక్కుండా మూడోది: "మా ఆడమనిషి దినామూ అడుగుతాండాది. కడాకు ఏమయిందో ఆమెకు వినిపించాల. ఆలస్యం చేయొద్దండి."

ఈ మూడు కార్డుల్లోనూ కొడుకు మాట లేదు. ఆ మాట ఎత్తడానికే భయపడుతున్నాడు కాబోలని సరస్వతమ్మ అనుకుంది.

చివరి పేజీలు కోసేయనా అని అడుగుతూ చెన్నకేశవులుకు సంగతంతా రాసింది. జవాబు వెంటనే వచ్చింది. "నా పుస్తకం మీద ఇంకు చుక్క పడితే నాకు జ్వరం వస్తాది. అయినా కోసేయండి. కోసిన కాగితాలు మటుకు భద్రం."

ఆదివారం పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని బ్లేడుతో పదకొండు పేజీలూ కోసింది. తెల్లకాగితాలు అదే సైజుకు కత్తిరించి, కొత్త ముగింపు తనే రాసింది. గుర్రాల అబ్బికి తొడలో గుండు దిగుతుంది. ఆరు నెలలు ఆసుపత్రిలో ఉంటాడు. ఒక సాయంత్రం కుంటుకుంటూ సొంతూరు చేరి, వాకిట్లో పేడనీళ్ళు చల్లుతున్న తల్లి వెనక నిలబడతాడు. ఆ దేశంలో వాకిట్లో పేడనీళ్ళు చల్లుతారో లేదో ఆమెకు తెలియదు. రాస్తూ తనే కళ్ళు తుడుచుకుంది. అసలు ముగింపు కన్నా ఇదే బాగుందని కూడా అనిపించింది.

"ఈ పేజీలు చిరిగిపోయినందున, ఇంకో ప్రతి చూసి ఎత్తి రాయడమైనది" అని కింద ఒక ముక్క చేర్చి, జిగురుతో అంటించి పోస్టు చేసింది.

ఈసారి ధర్మవరం నుంచి కార్డు రాలేదు. వారం చూసింది. పది రోజులు చూసింది. దీపావళి సెలవు రాగానే గుంతకల్లు పాసింజరు ఎక్కింది.

రామలక్ష్మమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"రా పంతులమ్మా! ఆ పుస్తకం పంపి నా పానం నిలబెట్టినావు. కుంటుతా వస్తేనేమి, వచ్చినాడు గదా వాళ్ళమ్మ కాడికి! ఆ కడా ముక్క ఈయప్పతో నాలుగు తూర్లు చదివించుకున్న్యా. మావోడూ అట్లే ఒగదినం చెప్పాపెట్టకుండా వచ్చి నా ఎనక నిలబడతాడు, సూడు."

మగ్గం మీద ఎర్రంచు పట్టుచీర సగం దాకా వచ్చింది.

"కోడలికి" అంది రామలక్ష్మమ్మ. "వాడు దిగినెంటనే పెండ్లి చేసేస్తాం. అందుకే మగ్గం ఎక్కించమన్న్యా."

నల్లప్ప తల వంచుకుని నేస్తూనే ఉన్నాడు. సరస్వతమ్మ, రామలక్ష్మమ్మ పండక్కి చేసిన ఓళిగలు రెండు తిని, ఆమె బలవంతం మీద మూడోది కూడా తింది. ఇన్నాళ్ళ టీచరు ఉద్యోగంలో ఇంత మంచి పని చేసింది లేదనుకుంది.

సాయంత్రం నల్లప్ప స్టేషను దాకా తోడు వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక అన్నాడు.

"ఆ రాత మీదే గదా పంతులమ్మా?"

ఆమె తడబడింది. "ఎట్లా తెలిసింది?"

"ఇన్ని దినాలు మీ జాబులు చదువుతాండాను. పేజీ తిప్పుతానే పోల్చుకున్న్యా. మా ఆడమనిషి ఎదురుగా కూసోనుండాది. చదవకుండా యాడ పోదును?"

"తప్పయితే మన్నించు నల్లప్పా. ఆ పిల్లాడు చచ్చిపోయేది మీకు వినపడకూడదనే..."

"వాడు సచ్చిపోతాడని నాకు ముందే తెలుసు. చీరలు తీసుకోని హిందూపురం పోయినప్పుడు చెన్నకేశవులు కతంతా చెప్పేసినాడు. ఆయప్ప కడుపులో మాట నిలవదు, చెప్పినట్టు గుర్తూ ఉండదు."

ఆమె తెల్లబోయింది. "తెలిసి కూడా అన్ని కార్డులు రాసినావా?"

రైలు దూరంగా కూత వేసింది. నల్లప్ప పట్టాల వైపే చూస్తూ అన్నాడు.

"మా నాగరాజు పోయినాడని టెలిగ్రాం నా చేతికొచ్చి నెల దాటిందమ్మా, ఆ మాట దానికి నా నోటితో చెప్పల్యాక, మీ పుస్తకమన్నా చెబుతాదనే గదా అన్ని కార్డులు రాసినాను."