ఆ టమాటాలు ఏ ఊరివి?

పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకున్న రిషిత నమలడం మర్చిపోయింది. సిద్దిపేట బస్టాండు దగ్గరి ఆ మెస్సుకు ఆకలేసి వచ్చింది గాని, ఇప్పుడు పప్పూ కూరా పక్కకు జరిపి, టమాటా పచ్చడి ఒక్కటే కలుపుకుంటోంది. పులుపు, వెనకనే సన్నటి తీపి, చెట్టు మీద మాగిన పండు వాసన. మెస్సు నడిపే బుచ్చయ్యను పిలిచి, ఇది ఎవరు చేశారని అడిగింది. నారాయణరావుపేటలో స్వరాజ్యలక్ష్మి అనే ఆమె, సంఘం ఆడవాళ్లతో కలిసి చేసి పంపుతుందని అతను చెప్పాడు.

రిషిత చెయ్యి కడుక్కుని అటే బయలుదేరింది.

ఆమె పనిచేసేది ఊరూరా దుకాణాలున్న పెద్ద కంపెనీలో. సరుకు దగ్గరి ఊళ్ల నుంచే కొనాలి, లారీల పొగ తగ్గాలి, చిన్న రైతులకూ ఆడవాళ్ల సంఘాలకూ బతుకుదెరువు దొరకాలి అని కంపెనీ గట్టిగా అనుకుంది. సిద్దిపేటలో ఆ పని చూడమని రిషితను పంపింది. వచ్చిన నాటి నుంచీ ఆమెకు ఒకటే తలనొప్పి, టమాటా. సిద్దిపేట దుకాణానికి దూరం నుంచి దోరగా వచ్చే కాయలు చూడ్డానికి బొమ్మల్లా ఉండేవి. రుచి మాత్రం ఉండేది కాదు. కొనేవాళ్లు ఆ మాట మొహం మీదే అనేవారు. నెలాఖరులోగా దగ్గర్లో మంచి రైతును చూపించకపోతే ఇక్కడ ఈ కార్యక్రమమే ఎత్తేస్తామని పై అధికారి రాకేష్ చెప్పేశాడు.

స్వరాజ్యలక్ష్మి ఇంటి వాకిట్లో పెద్ద బాండీలో పచ్చడి కుతకుతలాడుతోంది. ఆమె రిషితను కూర్చోబెట్టి, అడగకుండానే జొన్నరొట్టె మీద పచ్చడి వేసి చేతిలో పెట్టింది. పక్కనే ట్రేల నిండా టమాటాలు. ఒకటి వంకర, ఒకదానికి మచ్చ, ఇంకోదానికి పగులు, కానీ అన్నీ లోపలి దాకా ఎర్రగా పండినవే. అమ్మకానికి కాకుండా తినడానికి పెంచిన పండ్లు ఇలాగే ఉంటాయని రిషిత మురిసిపోయింది. రైతు ఎవరని అడిగితే, తనకు తెలియదని, ట్రాలీ ఆటో యోబు తెచ్చి దించి పోతాడని స్వరాజ్యలక్ష్మి చెప్పింది.

"ఏ తోటల కాస్తయో నేనెన్నడు అడగలే బిడ్డా. పండు సూస్తెనే తెలుస్తలేదా, ఎంత పావురంగ, ప్రేమగ పెంచిన్రో."

అంతలోనే యోబు వచ్చాడు. రిషిత అడిగిన మాట విని, ఆమె మెడలో వేలాడుతున్న కంపెనీ కార్డును చూసి, మొహం తిప్పుకున్నాడు. రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆళ్ల పేర్లు నన్నడగకు మేడం. నాకిచ్చేటోళ్లు మంచోళ్లు. నా మూలంగ ఆళ్ల నోటికాడి బువ్వ పోవద్దు."

ఏ దళారికో భయపడే పేద రైతులై ఉంటారని రిషిత అనుకుంది. ఆమె మనసు కరిగిపోయింది. వాళ్లకు మంచే జరుగుతుందని, కంపెనీ తరఫున శాలువా కప్పి సన్మానం చేయిస్తానని మాటిచ్చింది. సన్మానం అనేసరికి యోబు తల గోక్కున్నాడు.

"అట్లయితే మీ పెద్ద సారును గూడ తోల్కరా మేడం. ఆయన ముంగటనే సూపిస్త."

రెండు రోజులకు రాకేష్ శాలువాతో, పూలదండతో దిగాడు. ముందు పచ్చడి రుచి చూశాడు. మళ్లీ వేయించుకున్నాడు. అక్కడే నిలబడి, ఈ పచ్చడి ఇకపై తమ దుకాణాలన్నిటిలో అమ్ముతామని, సంఘంతో ఒప్పందం చేసుకుంటామని హైదరాబాదుకు ఫోనులో ఖాయం చేసేశాడు. వాకిట్లో ఆడవాళ్ల సంతోషానికి పట్టపగ్గాల్లేవు. స్వరాజ్యలక్ష్మి కలిపిన ముద్ద ఒకటి తన చేత్తోనే ఆయన నోట్లో పెట్టేసింది.

తర్వాత ట్రాలీ ఆటో కదిలింది. రాకేష్ ముందు యోబు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. రిషిత వెనకాల ఖాళీ ట్రేల మధ్య, పూలదండ నలగకుండా ఒళ్లో పట్టుకుని కూర్చుంది. దారిలో యోబు మళ్లీ అదే అడిగాడు. అక్కడివాళ్లకు ఏ కష్టమూ రాదు కదా అని.

"ఒక్కరిని గూడ ఒక్క మాట అననియ్య. మచ్చలున్నా, వంకరున్నా ఆ పండ్లు మాకే కావాలె. గిది నా మాట," అన్నాడు రాకేష్.

యోబు మొహం విచ్చుకుంది. ఈల వేస్తూ బండి ఉరికించాడు. చింతమడక ఊరి పొలాల వైపు మళ్లుతాడేమో అనుకుంది రిషిత. మళ్లలేదు. తిరిగి సిద్దిపేటలోకే వచ్చి, కోమటి చెరువు దాటి, ఏవేవో సందులు తిరుగుతున్నాడు. రైతు పొలం ఊరికి అవతలి పక్కన ఉందేమోనని ఆమె సర్దిచెప్పుకుంది. చివరికి ఎత్తయిన గోడల మధ్య ఒక ఇనుప గేటు ముందు ఆటో ఆగింది. హారను విని లోపలి నుంచి ఎవరో గేటు తీశారు.

గోడ వెంట వరసగా ట్రేలు. అన్నీ ఎర్రటి పండ్లు.

రిషిత దూకినట్టే దిగి ఒక పండు తీసింది. చున్నీకి తుడిచి కొరికింది. రసం మోచేతి దాకా కారింది. అదే రుచి. రాకేష్ కూడా ఒకటి కొరికి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ శాలువా మడత విప్పాడు. ఇంత మంచి పండు పండించిన రైతును తొందరగా పిలవమన్నాడు.

యోబు చేతులు జోడించాడు.

"రైతు లేడు సారు, మాగినయని గివి దినాం మీ దుకాణంల పారేసేటియే."